ఇంటి కెమెరాలు బయటి నుంచి చూడాలి, పోర్టులు మాత్రం తెరవకూడదు: వీపీఎన్ ఎలా పెట్టుకోవాలి?

వాకిలి | సోమవారం, రాత్రి 10:12

నమస్కారం. ఇంట్లో నాలుగు కెమెరాలు, వాటి వీడియోను రికార్డు చేసే పెట్టె (ఎన్‌వీఆర్) ఒకటి ఉన్నాయి. నాది నెలలో ఇరవై రోజులు ఊళ్లు తిరిగే ఉద్యోగం. ఇంట్లో నాన్నగారు ఒక్కరే. ఎక్కడున్నా ఫోనులో ఇల్లు చూసుకోవడానికి వీలుగా, కెమెరాలు బిగించినవారు రౌటర్‌లో 80, 554, 8000 పోర్టులు (ఇంటర్నెట్ నుంచి ఇంట్లోకి వచ్చే అంకెల తలుపులు) తెరిచి వెళ్లారు. మూడేళ్లు ఏ ఇబ్బందీ లేదు.

పోయిన గురువారం తెల్లవారుజామున గేటు కెమెరా దానంతట అదే గోడవైపు తిరిగింది. మోటారు పాడైందనుకున్నాను. ఎందుకైనా మంచిదని ఎన్‌వీఆర్ లాగ్ తీసి చూస్తే, సరిగ్గా ఆ సమయానికి నాకు తెలియని ఐపీ చిరునామా నుంచి ఎవరో అడ్మిన్‌గా లోపలికి వచ్చారు. పాస్‌వర్డ్ ఫ్యాక్టరీ నుంచి వచ్చినదే, మార్చలేదు. తిట్టండి, పడతాను.

పోర్టులన్నీ ఆ రోజే మూసేశాను. ఇప్పుడు బయటి నుంచి నాకూ కనబడదు. వీపీఎన్ పెట్టుకోమని చాలాచోట్ల చదివాను. నెలనెలా డబ్బు కట్టే వీపీఎన్ యాప్ ఒకటి ఫోనులో ఇప్పటికే ఉంది. అది చాలదా?

ఇనుపతలుపు | సోమవారం, రాత్రి 10:40

చాలదు. ఆ యాప్ మీ ఫోను నుంచి బయటికి వెళ్లే దారిని దాస్తుంది. మీకు కావలసింది బయటి నుంచి ఇంట్లోకి వచ్చే దారి. పేరు ఒకటే గాని పని వేరు. వీపీఎన్ సర్వర్ మీ ఇంట్లోనే ఉండాలి.

దానికంటే ముందు ఇల్లు శుభ్రం చేసుకోండి. ఒకసారి లోపలికి వచ్చినవాడు మళ్లీ రావడానికి ఏదో ఒకటి వదిలే వెళతాడు. ఎన్‌వీఆర్‌ను ఫ్యాక్టరీ స్థితికి తీసుకువెళ్లండి, తయారీదారు సైటు నుంచి కొత్త ఫర్మ్‌వేర్ (పెట్టెను నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) ఎక్కించండి, పొడవైన పాస్‌వర్డ్ పెట్టండి, వాడుకరుల జాబితాలో మీకు తెలియని పేరు లేదని చూసుకోండి. కెమెరాలకు విడిగా పాస్‌వర్డ్‌లు ఉంటాయి, వాటినీ మార్చండి. రౌటర్‌లో యూపీఎన్‌పీ అనే సదుపాయం ఆపేయండి. అది నడుస్తూ ఉంటే మీరు మూసిన పోర్టును ఎన్‌వీఆర్ తనే అడిగి మళ్లీ తెరిపించుకోగలదు.

తిట్టమన్నారు గనుక ఒక్క మాట. 2016లో మిరాయ్ అనే పురుగు లక్షల కెమెరాలను, డీవీఆర్‌లను పట్టుకున్నది ఏ గొప్ప విద్యతోనో కాదు. ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లు అరవై పైచిలుకు జాబితాగా రాసుకుని వరుసగా ప్రయత్నించింది, అంతే. ఆ ఏడాది అక్టోబరులో డిన్ అనే డీఎన్‌ఎస్ సంస్థ (వెబ్‌సైట్ల పేర్లకు ఐపీ చిరునామాలు చెప్పేది) మీద దాడి జరిగి పెద్ద పెద్ద వెబ్‌సైట్లు గంటల తరబడి మూగబోయాయి. ఆ దాడిలో పాల్గొన్నవి ఇలాంటి ఇళ్లలోని ఇలాంటి పెట్టెలే.

తీగలపని | సోమవారం, రాత్రి 11:05

నేను పన్నెండేళ్లుగా కెమెరాలు బిగిస్తున్నాను. పోర్టులు తెరవడం తప్పే, ఒప్పుకుంటాను. ఇప్పుడు నేను ఎవరికీ అలా చేయను. కానీ ఒక ఇంటికి వీపీఎన్ సర్వరా? తయారీదారు యాప్‌లో క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే రెండు నిమిషాల్లో బొమ్మ వస్తుంది. పోర్టు తెరవక్కర్లేదు, ఐపీ చిరునామా తెలియక్కర్లేదు. మీరు ఇప్పుడు ఈయన చేత లైనక్స్ నేర్పించబోతున్నారు.

నిశ్శబ్దం | మంగళవారం, ఉదయం 7:30

తీగలపని గారి మాట కొట్టిపారేయలేను. తెరిచిన పోర్టుకన్నా తయారీదారు ఇచ్చే ఆ క్లౌడ్ యాప్ నయం. అందులో ఎన్‌వీఆర్ తనే తయారీదారు సర్వర్‌కు ఫోన్ చేసి ఎదురుచూస్తుంది, మీ యాప్ కూడా అక్కడికే వెళ్లి కలుస్తుంది. అయితే మీ ఇంటి తాళం మరొకరి బల్ల మీద ఉన్నట్టే. 2021 మార్చిలో వెర్కాడా అనే క్లౌడ్ కెమెరాల సంస్థలో ఒక్క అడ్మిన్ ఖాతా వివరాలు బయటపడితే, దాదాపు 1,50,000 కెమెరాలు చూడగలిగామని చొరబడినవారే చెప్పుకున్నారు. ఆ కెమెరాల యజమానులు ఏ తప్పూ చేయలేదు.

వాకిలి గారూ, ఇప్పటికే ఒకసారి దెబ్బ తిన్నారు కనుక మీరు సొంత దారి అడగడం సబబే. నా సలహా వైర్‌గార్డ్ అనే వీపీఎన్ సాఫ్ట్‌వేర్. సాయంత్రం వివరంగా రాస్తాను. ఈలోపు ఒక పని చేయండి. రౌటర్ పేజీలో వాన్ ఐపీ (ఇంటర్నెట్ వైపు చిరునామా) అని ఉంటుంది, అది రాసుకోండి. తర్వాత ఇంటి వైఫై మీదనే, మీ ఐపీ ఏమిటో చూపే ఏదైనా వెబ్‌సైటు తెరవండి. రెండూ ఒకటేనా?

వాకిలి | మంగళవారం, మధ్యాహ్నం 1:15

ఒకటే. ఎన్‌వీఆర్ శుభ్రం చేశాను. వాడుకరుల జాబితాలో నేను పెట్టని పేరు ఒకటి నిజంగానే ఉంది. చూడగానే ఒళ్లు జలదరించింది.

చిన్నఅరుగు | మంగళవారం, మధ్యాహ్నం 2:02

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. నా రౌటర్‌లో 100.71తో మొదలయ్యే చిరునామా ఉంది, వెబ్‌సైటు వేరేది చూపిస్తోంది. నా పని అయిపోయినట్టేనా?

ఇనుపతలుపు | మంగళవారం, మధ్యాహ్నం 2:20

అయిపోలేదు గాని దారి మారింది. 100.64 నుంచి 100.127 వరకు ఉన్న చిరునామాలను 2012లో ప్రత్యేకంగా ఇంటర్నెట్ సంస్థల కోసం కేటాయించారు. అంటే ఒకే బయటి చిరునామాను మీరూ మీలాంటి చాలామందీ పంచుకుంటున్నారు. దీనిని సీజీనాట్ అంటారు. మీ రౌటర్‌లో ఎన్ని పోర్టులు మళ్లించినా పైనున్న సంస్థ గేటు దాటి ఎవరూ లోపలికి రారు.

ముందు మీ ఇంటర్నెట్ సంస్థను పబ్లిక్ ఐపీ (ఎవరితోనూ పంచుకోని బయటి చిరునామా) అడగండి. ఇవ్వకపోతే ఐపీవీ6 (కొత్త తరహా చిరునామాల పద్ధతి) ఉందేమో చూడండి, అక్కడ ఈ పంపకం గొడవ లేదు. అయితే మీరు బయట వాడే నెట్‌వర్క్‌లోనూ ఐపీవీ6 ఉండాలి. అవేవీ కుదరకపోతే టెయిల్‌స్కేల్ అనే సేవ. అది కూడా లోపల వైర్‌గార్డే. ఇంట్లోని పెట్టె, మీ ఫోను రెండూ లోపలి నుంచి బయటికి వెళ్లి కలుసుకుంటాయి, నేరుగా కుదరకపోతే రిలే (మధ్యలో అందించే సర్వర్) మీదుగా వెళతాయి. రహస్య కీలు మీ పరికరాలలోనే ఉంటాయి కాబట్టి రిలేకు మీ వీడియో కనబడదు. ఎవరిని ఎవరితో కలపాలో చెప్పే సర్వర్ మాత్రం ఆ సంస్థదే. అదీ వద్దనుకునేవారికి, ఆ సర్వర్‌ను సొంతంగా నడుపుకోవడానికి హెడ్‌స్కేల్ ఉంది.

నిశ్శబ్దం | మంగళవారం, రాత్రి 8:45

కూర్చుని చదవండి, కొంచెం పొడవు.

వైర్‌గార్డే ఎందుకు? పీపీటీపీ అనే వీపీఎన్ పద్ధతి పాతబడి తుప్పుపట్టింది, 2012 నుంచీ దాన్ని విరగ్గొట్టడం తెలిసిన విషయమే. రౌటర్‌లో కనిపించినా ముట్టుకోవద్దు. ఓపెన్‌వీపీఎన్ అనే మరొకటి ఇప్పటికీ గట్టిదే, అమరికలు ఎక్కువ. వైర్‌గార్డ్ కోడ్ నాలుగు వేల చిల్లర వరుసలే. 2020 మార్చిలో వచ్చిన లైనక్స్ 5.6 నుంచి కెర్నల్‌లోనే (లైనక్స్ గుండెకాయలోనే) ఉంది. నాకు అన్నిటికన్నా నచ్చేది దాని మౌనం. తెలియని కీతో వచ్చి తలుపు తట్టినవాడికి అది 'కుదరదు' అని కూడా చెప్పదు. బయటి నుంచి వెతికేవాడికి అక్కడ తలుపు ఉన్నట్టే తెలియదు.

ఎక్కడ పెట్టాలి? మీ రౌటర్‌లోనే వైర్‌గార్డ్ సర్వర్ ఉంటే అక్కడే పెట్టండి, మిగతా సగం తలనొప్పి తప్పుతుంది. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ, రౌటర్‌ఓఎస్ 7 వంటి రౌటర్ సాఫ్ట్‌వేర్లలో ఉంటుంది. లేకపోతే రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న కంప్యూటర్ చాలు (ఇకమీద 'పై' అంటే ఇదే). దానిని వైఫైతో కాదు, తీగతో రౌటర్‌కు కలపండి. రౌటర్‌లో దానికి మారని చిరునామా కేటాయించండి.

ఇప్పుడు కీలు. ప్రతి పరికరానికి రెండు కీలుంటాయి, ఒకటి రహస్యం, ఒకటి బహిరంగం. సర్వర్‌లో ఫోను బహిరంగ కీ రాస్తారు, ఫోనులో సర్వర్ బహిరంగ కీ రాస్తారు. రహస్య కీ పుట్టినచోటే ఉండాలి. ఫోనుకూ ఇంటికీ మధ్య వీపీఎన్ వేసే రహస్య దారిని సొరంగం అంటారు, దాని లోపల వాడుకోవడానికి వేరే చిరునామాలు కావాలి. సర్వర్‌కు 10.8.0.1, ఫోనుకు 10.8.0.2 అనుకుందాం. ఇంటర్నెట్‌లో డేటా పంపే పద్ధతులు ముఖ్యంగా రెండు, టీసీపీ, యూడీపీ; రౌటర్‌లో యూడీపీ 51820 పోర్టు ఒక్కటే ఆ రాస్ప్‌బెర్రీ పై కంప్యూటర్‌కు మళ్లించండి. మళ్లీ చెబుతున్నాను, ఒక్కటే. ఎన్‌వీఆర్‌కు చెందినది ఏదీ మళ్లించకూడదు.

ఫోనులోని 'అలోడ్ ఐపీస్' గడి దగ్గర చాలామంది తికమకపడతారు. అక్కడ రాసిన చిరునామాలకు వెళ్లే రాకపోకలే సొరంగంలోకి వెళతాయి. 0.0.0.0/0 అని రాస్తే మీ ఫోను ఇంటర్నెట్ అంతా ఇంటి మీదుగా తిరిగి వస్తుంది. కెమెరాలకు అది అనవసరం. ఇంటి నెట్‌వర్క్ 192.168.1.0/24 (192.168.1తో మొదలయ్యే వరుస మొత్తం) ఒక్కటి, దాని పక్కన 10.8.0.0/24 చాలు.

మీ ఇంటి బయటి చిరునామా ఎప్పుడైనా మారవచ్చు కాబట్టి డైనమిక్ డీఎన్‌ఎస్ పేరు (చిరునామా మారినా దాని వెంటే మారే పేరు) ఒకటి తీసుకుని, ఫోనులో అంకెల బదులు ఆ పేరు రాయండి. వైర్‌గార్డ్ ఆ పేరును సొరంగం తెరిచేటప్పుడే వెతుకుతుంది. మధ్యలో చిరునామా మారితే సొరంగం ఒకసారి ఆపి మళ్లీ తెరవండి.

ఇంకొకటి. ఇంటి అప్‌లోడ్ వేగం చూసుకోండి. నాలుగు కెమెరాల పూర్తి నాణ్యత, ఒక్కోటి 4 మెగాబిట్లనుకుంటే సెకనుకు 16 మెగాబిట్లు ఇంటి నుంచి బయటికి వెళ్లాలి. బయటి నుంచి నాలుగూ కలిపి చూసేటప్పుడు సబ్ స్ట్రీమ్ (తక్కువ నాణ్యత వీడియో) పెట్టుకోండి. ఒక్కోటి అర మెగాబిట్‌తో సరిపెట్టుకుంటుంది.

వాకిలి | బుధవారం, రాత్రి 9:20

రాస్ప్‌బెర్రీ పై కొన్నాను, అన్నీ చెప్పినట్టే చేశాను. కానీ పోర్టు తెరిచి ఉందో లేదో చెప్పే వెబ్‌సైటులో 51820 'మూసి ఉంది' అని వస్తోంది. రౌటర్‌లో నియమం ఉంది. మూడుసార్లు తీసి పెట్టాను. నా ఫోను అమరిక మొత్తం కింద అతికిస్తున్నాను, ఎక్కడ తప్పిందో చూడండి.

[ఈ భాగాన్ని నిర్వాహకులు తొలగించారు]

నిర్వాహకులు | బుధవారం, రాత్రి 9:31

వాకిలి గారూ, అతికించిన దానిలో మీ రహస్య కీ, ఇంటి డీఎన్‌ఎస్ పేరు రెండూ ఉన్నాయి. తొలగించాను. పదకొండు నిమిషాలు అందరికీ కనబడింది కాబట్టి ఆ కీ ఇక పనికిరాదనే అనుకోండి. కొత్త కీల జత చేసుకుని, సర్వర్‌లో పాతదాన్ని తీసేయండి.

ఇనుపతలుపు | బుధవారం, రాత్రి 9:44

ఆ వెబ్‌సైట్లు చాలావరకు టీసీపీ తలుపు తట్టి చూస్తాయి. మీది యూడీపీ. ఒకవేళ యూడీపీ తట్టినా వైర్‌గార్డ్ పలకదని నిశ్శబ్దం గారు నిన్ననే చెప్పారు. 'మూసి ఉంది' అని చూపడం ఇక్కడ శుభవార్త.

కొత్త కీ పెట్టాక ఫోనులో వైఫై ఆపి, మొబైల్ డేటా మీద సొరంగం తెరవండి. ఇంటి వైఫై మీద ఉండి బయటి చిరునామాకు వెళ్లబోతే చాలా రౌటర్లు ఆ మలుపు తిప్పలేవు, అనవసరంగా కంగారుపడతారు. ఫోను యాప్‌లో 'చివరి హ్యాండ్‌షేక్' (రెండు వైపులా ఒకదాన్నొకటి గుర్తుపట్టిన సమయం) అనే వరుస చూడండి. అక్కడ సమయం కనబడితే తలుపు తెరుచుకున్నట్టే.

వాకిలి | బుధవారం, రాత్రి 10:30

హ్యాండ్‌షేక్ వచ్చింది! 10.8.0.1 పలుకుతోంది. ఎన్‌వీఆర్ మాత్రం పలకడం లేదు. ఇంటి గుమ్మం దాకా వచ్చి హాల్లోకి వెళ్లలేకపోతున్నాను.

నిశ్శబ్దం | బుధవారం, రాత్రి 10:52

ఆ గుమ్మమే మీ రాస్ప్‌బెర్రీ పై. ఒక వైపు వచ్చినదాన్ని ఇంకో వైపు అందించమని దానికి ఎవరూ చెప్పలేదు. లైనక్స్‌లో అలా అందించే అమరిక, ఐపీ ఫార్వర్డింగ్, సాధారణంగా సున్నాలో ఉంటుంది, దాన్ని 1 చేయండి. రీబూట్ తర్వాత కూడా నిలిచేలా సిస్‌సీటీఎల్ అమరికల ఫైలులో రాయండి.

అది చేసినా రాకపోతే సమస్య తిరుగుదారిలో ఉంటుంది. ఎన్‌వీఆర్‌కు 10.8.0.2 నుంచి ఒక ప్రశ్న వస్తుంది. ఆ చిరునామా ఎక్కడుందో దానికి తెలియదు, జవాబును రౌటర్‌కు ఇస్తుంది. రౌటర్‌కూ తెలియదు, పారేస్తుంది. రెండు మార్గాలున్నాయి. రౌటర్‌లో '10.8.0.0/24కు వెళ్లేవి పై చిరునామాకు పంపు' అని స్థిర మార్గం రాయడం ఒకటి. పైలో మాస్కరేడ్ నియమం పెట్టడం రెండోది. అప్పుడు ఫోను నుంచి వచ్చినవన్నీ పై నుంచే వచ్చినట్టు ఎన్‌వీఆర్ అనుకుంటుంది. రౌటర్ స్థిర మార్గాలను ఒప్పుకోకపోతే రెండోదే.

వాకిలి | బుధవారం, రాత్రి 11:38

మాస్కరేడ్ పెట్టగానే ఎన్‌వీఆర్ పేజీ వచ్చింది. లాగిన్ అయ్యాను, కెమెరాల జాబితా వచ్చింది. బొమ్మ దగ్గర మాత్రం చక్రం తిరుగుతూనే ఉంది. ఇంటి వైఫై మీద వెంటనే వస్తోంది. ఈ రాత్రికి ఇక చాలు.

నిశ్శబ్దం | గురువారం, ఉదయం 6:50

చిన్న పేజీలు వచ్చి వీడియో రాకపోతే నా అనుమానం ఎప్పుడూ ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం) మీదే. మామూలుగా ఒక ప్యాకెట్ 1500 బైట్లు. వైర్‌గార్డ్ దాని చుట్టూ చుట్టే పొరకు ఐపీవీ6 మీద 80 బైట్లు పోతాయి కాబట్టి లోపలికి 1420 అని లెక్క కడుతుంది. కొన్ని మొబైల్ నెట్‌వర్క్‌లు దారిలో ఇంకో పొర చుడతాయి. లాగిన్ పేజీ ప్యాకెట్లు చిన్నవి, దూరిపోతాయి. వీడియో ప్యాకెట్లు నిండుకుండలు, దారిలో ఎక్కడో ఇరుక్కుంటాయి.

ఫోనులోనూ పైలోనూ ఎంటీయూ 1280 పెట్టి చూడండి. వేగంలో మీకు తేడా తెలియదు.

వాకిలి | గురువారం, ఉదయం 7:25

వచ్చింది! నాలుగు బొమ్మలూ. నాన్నగారు మొక్కలకు నీళ్లు పోస్తున్నారు.

తీగలపని | గురువారం, ఉదయం 9:10

అభినందనలు. ఇప్పుడు లెక్క వేయండి. మూడు రాత్రులు పట్టింది, ఒక కీ లోకానికి చూపించారు, ఎంటీయూ అనే మాట నేర్చుకున్నారు. నేను రెండు వందల ఇళ్లు చూసుకుంటాను. ఒక్కో ఇంట్లో ఒక పై పెడితే, దాని మెమరీ కార్డు పోయినప్పుడు ఫోన్ నాకే వస్తుంది. దాని అప్‌డేట్లు ఎవరు చూస్తారు? మరో సంగతి, గేటు దగ్గర కదలిక కనబడితే యాప్ ఫోనుకు హెచ్చరిక పంపేది. క్లౌడ్ ఆపేస్తే అది ఎక్కడి నుంచి వస్తుంది?

నిశ్శబ్దం | గురువారం, మధ్యాహ్నం 12:40

హెచ్చరికల విషయంలో మీరన్నది నిజం, ఎవరూ ముందుగా చెప్పని నష్టం అది. సొరంగం మూసి ఉన్నప్పుడు ఇంటి నుంచి ఫోనుకు ఏదీ రాదు. ఎన్‌వీఆర్ ఈమెయిలు పంపగలిగితే దానితో సరిపెట్టుకోవచ్చు. లేదా ఫ్రిగేట్, హోమ్ అసిస్టెంట్ వంటి సాఫ్ట్‌వేర్లు ఇంట్లో నడిపి వాటి చేత పంపించవచ్చు. అది ఇంకో మూడు రాత్రుల పని. సొరంగం ఎప్పుడూ తెరిచే ఉంచడం మరో దారి. పనిలేనప్పుడు వైర్‌గార్డ్ మాట్లాడదు కాబట్టి బ్యాటరీ మీద భారం తక్కువే.

రెండు వందల ఇళ్ల మాటకు నా దగ్గర జవాబు లేదు. వీపీఎన్ ఉన్న రౌటర్లనే అమ్మడం మొదలుపెడితే కొంత తగ్గుతుందేమో.

వాకిలి | శనివారం, సాయంత్రం 5:05

రెండు కొత్త తలనొప్పులు. అక్క కూడా చూస్తానంటే నా ఫోనులోని క్యూఆర్ కోడే ఆమె ఫోనుతో స్కాన్ చేయించాను. అప్పటి నుంచి ఆమెకు వస్తే నాకు పోతుంది, నాకు వస్తే ఆమెకు పోతుంది. రెండోది, నేను దిగిన గదిలోని వైఫై మీద లాప్‌టాప్‌లో సొరంగం తెరుచుకుంటుంది గాని ఎన్‌వీఆర్ రాదు. అదే లాప్‌టాప్ మొబైల్ డేటా మీద బాగానే ఉంది.

ఇనుపతలుపు | శనివారం, సాయంత్రం 5:30

మొదటిది: ఒకే కీ ఇద్దరికి ఇస్తే సర్వర్‌కు మీరిద్దరూ ఒక్కరే. ఆఖరున ఎవరు మాట్లాడితే జవాబులన్నీ అటే పంపుతుంది. అక్కగారికి వేరే కీ, వేరే చిరునామా, 10.8.0.3 ఇవ్వండి. రేపు ఒక ఫోను పోతే ఆ ఒక్క కీ తీసేస్తే సరిపోతుంది.

రెండోది: ఆ గది వైఫై కూడా 192.168.1 వరుసలోనే ఉండి ఉంటుంది. ఎన్‌వీఆర్ తన పక్క గదిలోనే ఉందనుకుని లాప్‌టాప్ అక్కడే వెతుకుతోంది. శాశ్వత మందు మీ ఇంటి వరుసను 10.47.13.0/24 లాంటి అరుదైన దానికి మార్చడం. తాత్కాలికంగా అలోడ్ ఐపీస్‌లో మొత్తం వరుస బదులు ఎన్‌వీఆర్ చిరునామా ఒక్కటే, చివర /32 పెట్టి రాయండి. చిన్న గురి ఉన్న మార్గానికే ప్రాధాన్యం కాబట్టి సొరంగంలోకే వెళుతుంది.

వాకిలి | ఆదివారం, ఉదయం 11:15

/32 పనిచేసింది. అక్క ఫోను కూడా. ఇంటి వరుస మార్చడం వచ్చే నెల ఇంటికి వెళ్లినప్పుడే. కెమెరాలకు చిరునామాలు చేత్తో రాసి ఉన్నాయి, ఇక్కడి నుంచి మార్చబోయి నా దారి నేనే మూసుకుంటానని భయం.

నిన్న కెమెరాలు, ఎన్‌వీఆర్ ఇంటర్నెట్‌కు వెళ్లకుండా రౌటర్‌లో ఆపేశాను. అప్పటి నుంచి ఎన్‌వీఆర్ గడియారం వెనకపడుతోంది. సంబంధం ఉందా?

నిశ్శబ్దం | ఆదివారం, మధ్యాహ్నం 12:05

ఉంది. సమయం అడగడానికి అది బయటి ఎన్‌టీపీ (సరైన సమయం చెప్పే) సర్వర్‌కు వెళ్లేది, ఇప్పుడు దారి లేదు. పైలో ఎన్‌టీపీ సర్వర్ నడిపి, ఎన్‌వీఆర్‌లో ఆ చిరునామా రాయండి. కెమెరాలలో కూడా. రికార్డింగ్‌లో సమయం తప్పుంటే అవసరమైన రోజున అది ఎందుకూ కొరగాదు.

వాకిలి | ఆదివారం, రాత్రి 8:30

గడియారం సరిపోయింది. రౌటర్‌లో ఇప్పుడు ఒక్క నియమమే ఉంది, యూడీపీ 51820. రౌటర్‌నూ పైనూ యూపీఎస్ మీదికి మార్చమని నాన్నగారికి చెప్పాను. గేటు కెమెరా రోడ్డువైపే చూస్తోంది.

తీగలపని | ఆదివారం, రాత్రి 9:02

ఈ చర్చ చదువుతూ చదువుతూ మా ఇంటి రౌటర్ తెరిచి చూశాను. ఎనిమిదేళ్ల కిందట నేనే పెట్టిన 554 ఇంకా అలాగే ఉంది. ఇప్పుడే తీసేశాను. నిశ్శబ్దం గారూ, వైర్‌గార్డ్ ఉన్న రౌటర్ల పేర్లు రెండు మూడు చెబుతారా? ముందు మా ఇంట్లో పెట్టి చూస్తాను.